మూకీ తునకలో మన రేవు పోల్చుకోవాలంటే

పాత మూకీ తునకల్లో మనుషులు గబగబా పరుగెడతారు. ఏ రేవో పోల్చుకునేలోపే బొమ్మ మారిపోతుంది. అప్పట్లో చాలావాటిని సెకనుకు 16–18 ఫ్రేముల్లో తీశారు, 24లో ఆడిస్తే పరుగే మరి. ఫోన్లో వేగం 0.75కి తగ్గించి, బోర్డు, మెట్లు, పడవ కనిపించినచోట ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. మొహాల కన్నా ముందు, వాటి వెనకాల ఏముందో చూడండి. రాజమండ్రి దగ్గర గోదావరి మీది హేవలాక్ రైలు వంతెన పూర్తయి ఉందంటే, ఆ రీలు 1900కి ముందుది కాదు. మా కొవ్వూరు మామ్మకి నాలుగు స్క్రీన్‌షాట్లు చూపిస్తే, పడవ తెరచాప చూసి, "ఇది ధాన్యం పడవ్రా" అంది!

ఒక్కటే జాగ్రత్త. రీలు తిరగేసి ఎక్కిస్తే కుడిఎడమలు తారుమారై ఒడ్డే మారిపోతుంది. అందరి పైటలూ కుడి భుజం మీదే ఉంటే అనుమానించండి.