పాత కారు ఇగ్నిషన్, 4వ పాఠం: కాయిల్‌ని కొలిచి చూద్దాం

పోయిన పాఠంలో పాయింట్ల (ఇంజన్ తిరిగేకొద్దీ కలుస్తూ విడిపోతూ కాయిల్ కరెంటుని కలిపి తెంచే స్విచ్) గ్యాప్ సరిచేశాం. అయినా బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచి, అరగంటకి మిస్సవుతోందంటే, బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కి సరిపడా పెంచే కాయిల్ సంగతి చూడాల్సిందే.

కాయిల్ డబ్బాలో ఇనప కోర్ మీద రెండు రకాల చుట్లుంటాయి. ప్రైమరీలో లావు తీగ కొన్ని వందల చుట్లు, సెకండరీలో సన్నతీగ వేల చుట్లు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు ప్రైమరీలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. స్పార్క్ పుట్టేది మాత్రం పాయింట్లు విడిపోయిన క్షణంలో. క్షేత్రం ఒక్కసారిగా పడిపోయి, సెకండరీలో వేల వోల్టులు పుడతాయి. అది అంత చురుగ్గా పడిపోవడానికి కండెన్సర్ (పాయింట్లకి కలిపి ఉండే చిన్న కెపాసిటర్) సాయం కావాలి. కండెన్సర్ పోయినా స్పార్క్ నీరసపడుతుంది, నింద కాయిల్ మీద పడుతుంది.

ఇగ్నిషన్ ఆపి, కాయిల్ వైర్లు విప్పి మల్టీమీటర్ తీయండి. ముందు మీటరు పిన్నులు రెండూ ఒకదానికొకటి తాకించండి. 0.3 ఓమ్ చూపిస్తే, తర్వాత వచ్చే రీడింగ్‌లోంచి అది తీసేయాలి. చిన్న విలువల్లో అదీ లెక్కే.

ఇక ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య కొలవండి. 3 ఓమ్‌ల దరిదాపుల్లో వస్తే మామూలుగా అది నేరుగా 12 వోల్టులకు చేసిన కాయిల్. 1.5 వస్తే బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించేది) నడిచేది. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది కాబట్టి, ఆ కాసేపు కరెంటు రెసిస్టర్‌ని తప్పించుకుని నేరుగా కాయిల్‌కి వెళ్తుంది. సెల్ఫ్‌లో స్టార్టయి తాళం వదలగానే ఆగిపోయే బండిలో ముందు ఆ రెసిస్టర్‌నే చూడండి.

ఈ తేడా చూసుకోకుండా కాయిల్ మార్చొద్దు. 1.5 ఓమ్‌ల కాయిల్‌కి రెసిస్టర్ లేకపోతే 4 ఆంపియర్లు పారాల్సిన చోట 8 దాకా పారతాయి. పాయింట్లు కాలిపోతాయి.

వేడి ఏం చేస్తుందో నేను కళ్లారా చూశాను. ఒకసారి ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేసి లైట్ల వైరింగ్ చూసుకుంటూ ఉండిపోయాను. పాయింట్లు కలిసి ఉన్న చోటే ఇంజన్ ఆగి ఉంది. కాయిల్ చెయ్యి ఆనించలేనంత కాలి, మూత అంచున నూనె చెమ్మ కనిపించింది. వారం తిరక్కుండానే మార్చాల్సి వచ్చింది.

సెకండరీని మధ్య టవర్‌కీ (స్పార్క్ వైరు గుచ్చే చోటు) మైనస్‌కీ మధ్య కొలవండి, కొన్ని వేల ఓమ్‌లు రావాలి. అసలేమీ చూపకపోతే లోపల తీగ తెగినట్టే. అయితే రీడింగ్ బాగుంది కదా అని కాయిల్ బాగుందనుకోవద్దు, ఇన్సులేషన్ లోపం మీటరుకి దొరకదు.

ఈ వారం మీ పని: చల్లగా ఒకసారి, అరగంట నడిపాక ఒకసారి కొలిచి, నాలుగు అంకెలూ రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో కాయిల్ పొలారిటీ చూస్తాం, అప్పుడు ఒక పెన్సిల్ కావాలి.