స్పీకర్ వైరుకు చిలుము పడితే

ఒక స్పీకర్ గరగరమంటూ, వెనక వైరు కదిపితే మళ్లీ సరిగ్గా పలుకుతుంటే స్పీకర్ విప్పకండి. ఆంప్లిఫయర్ టెర్మినల్‌లో, అంటే వైరు బిగించే చోట, ఉన్న అర అంగుళం రాగిని చూడండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు సముద్రపు ఉప్పుగాలి లేదు గానీ, మిరుగం దాటాక గోడలు చెమ్మ లాగుతాయి. గోడ పైపుల్లోంచి వచ్చే వైరు చివరలకు అది చాలు. ఇన్వర్టర్ బ్యాటరీ పక్కనే ఆంప్లిఫయర్ ఉంటే ఇంకా తొందరగా చెడుతుంది. ఛార్జింగ్‌లో లేచే యాసిడ్ తుంపర రాగిని తింటుంది. ముందు ఆ రెండింటినీ ఎడం చేయండి.

వైరు మీది పారదర్శకమైన ప్లాస్టిక్ తోలు కింద రాగి పచ్చబడిందని వైరంతా పీకేయడం చాలాసార్లు దండగ. పోగుల పైపొర రంగు మారినా లోపలి రాగి కరెంటు మోస్తూనే ఉంటుంది. ధ్వని చెడేది స్క్రూ కింద ఆక్సైడ్ పొర అడ్డుపడ్డ చోట.

నమ్మకం కోసం కొలవండి. ఆంప్లిఫయర్ ఆపి, వైరు రెండు కొసలూ విప్పి, స్పీకర్ వైపు రెండు తీగలను కలిపి మెలేయండి. ఇటువైపు మల్టీమీటర్ 200 ఓమ్స్ మీద పెట్టి చూడండి. మీటరు ప్రోబులు (తాకించే సూదులు) ఒకదానికొకటి తాకిస్తే వచ్చే అంకెను అందులోంచి తీసేయండి. 1.5 చదరపు మి.మీ. రాగి వైరు 10 మీటర్లుంటే రానూపోనూ 0.2–0.3 ఓమ్ రావాలి. 1 ఓమ్ దాటినా, వైరు కదిపితే అంకె ఊగినా మధ్యలో అతుకు చెడిందో, పోగులు తెగాయో వెతకాలి.

కొస నల్లబడితే రుద్దకండి, కోసేయండి. రెండంగుళాలు కోసి తోలు తీయండి; రాగి ఎర్రగా మెరిసేదాకా ఇంకాస్త కోయండి. అడుగు లోపలికి వెళ్లినా నలుపే ఉంటే నీళ్లు దిగాయి, ఆ వైరు మార్చాల్సిందే. 10–12 మి.మీ. తోలు తీయండి, పోగులకు గాటు పడొద్దు. మెలేసి, 1.5 సైజు ఫెరూల్ (పోగులన్నిటినీ కలిపి పట్టే చిన్న లోహపు గొట్టం) తొడిగి క్రింప్ చేయండి, అంటే గట్టిగా నొక్కి బిగించండి. స్క్రూ టెర్మినల్‌కు పోగులను సోల్డర్‌తో ముంచే అలవాటు మానాలి: సోల్డర్ మెత్తన, ఒత్తిడికి మెల్లగా జారి స్క్రూ వదులవుతుంది. టెర్మినల్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడవండి. ఎమరీ పేపరు వద్దు, పూత లేచిపోతుంది.

చెంబులు తోమే చింతపండు, ఉప్పు అసలే వద్దు. నిమిషంలో మెరుస్తుంది నిజమే. పోగుల సందుల్లో చిక్కిన పులుపూ ఉప్పూ చెమ్మ తగలగానే రాగిని మళ్లీ తినడం మొదలుపెడతాయి.

పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించిందా? అది రాగి పూత పూసిన అల్యూమినియం. అదే మందానికి నిరోధం ఒకటిన్నర రెట్లు, పైగా పెళుసు. దానికి కొసలు కోస్తూ కూర్చోవడం కన్నా అసలు రాగి వైరు వేయడమే మేలు.

బిగించేటప్పుడు ప్లస్, మైనస్ సరిచూసుకోండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు. గోడ నుంచి వచ్చే వైరును టెర్మినల్ కన్నా కిందికి ఒక వంపు తిప్పి పైకి తెస్తే, కారిన నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.