స్టార్టర్ పెట్టె చాలు: తక్కువ ఖర్చు సైన్స్ ఫిక్షన్‌లో సమాజాన్ని చూపే పద్ధతి

సైన్స్ ఫిక్షన్ చిత్రం అనగానే చాలామంది ముందు గ్రాఫిక్స్ ఖర్చు లెక్క వేసుకుని, ఆ అంకె చూసి అక్కడితో ఆగిపోతారు. అనంతపురం జిల్లాలో కథ రాసుకునేవారికి ఆ లెక్కతో పని లేదు. చుట్టూ ఉన్న లోకాన్ని ఉన్నట్టే ఉంచి, అందులో ఒకే ఒక్క నియమాన్ని మార్చండి. ఆ నియమం ఇప్పటికే సగం అమల్లో ఉన్నదైతే మరీ మంచిది.

చౌక దుకాణంలోని వేలిముద్ర యంత్రాన్నే తీసుకుందాం. ఏళ్ల తరబడి కూలి పని చేసి వేలి గీతలు అరిగిపోయిన ముసలివారిని అది చాలాసార్లు గుర్తుపట్టదు. దాన్ని బియ్యం దగ్గర నుంచి తీసి ఊరి బోరుకు బిగించండి. ముద్ర పడితేనే నీళ్లు. పాత ఇనుప సామాన్ల అంగట్లో దొరికే మోటారు స్టార్టర్ పెట్టెకు బూడిద రంగు పూసి, ఎర్ర దీపం ఒకటి, పచ్చ దీపం ఒకటి అమర్చితే యంత్రం సిద్ధమైనట్టే.

ఇక సన్నివేశం. వేరుశనగ కాయలు ఒలిచి ఒలిచి నున్నబడిన బొటనవేలిని అవ్వ కొంగుకు తుడిచి పెడుతుంది. ఎర్ర దీపం వెలుగుతుంది. మళ్లీ పెడుతుంది, మళ్లీ ఎరుపే.

“ఏలు కడుక్కోని పెట్టవ్వా.”

“కడుక్కునే దానికి నీళ్లుంటే ఈడికెందుకొస్తా నాయనా?”

ఇంతకు మించి ఎవరూ మాట్లాడకూడదు. ఇక్కడ ఒక చదువుకున్న పాత్రను దించి వ్యవస్థ మీద ఉపన్యాసం చెప్పించాలని చేయి దురద పెడుతుంది; నా మొదటి ప్రతిలో నేనూ రెండు పేజీలు అలాగే రాసి, తర్వాత కొట్టివేశాను. యంత్రం దగ్గర కూర్చున్నవాడు దుర్మార్గుడు కానక్కరలేదు. నెల జీతానికి పనిచేసే ఆ ఊరి కుర్రవాడే అయితే, అవ్వ వరుసకు అతనికి జేజి అయితే, అధికారం ఎలా పనిచేస్తుందో దానంతటదే కనబడుతుంది. ముఠా కక్షలనూ గాల్లోకి లేచే సుమోలనూ మాత్రం దయచేసి పక్కన పెట్టండి.

చరిత్రను కూడా వస్తువుల చేతనే పలికించవచ్చు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలాల్లో రాయలసీమకు ప్రాధాన్యం ఉండాలన్న శ్రీబాగ్ ఒప్పందం 1937లో కుదిరింది. పెట్టె మీద యంత్రం సంఖ్యగా 1937 అని రాసి వదిలేయండి. తెలిసినవారు ఉలిక్కిపడతారు, తెలియనివారికి అది వట్టి అంకెగానే ఉంటుంది.

చోటు విషయానికి వస్తే, ఫ్రెంచ్ దర్శకుడు గొడార్ 1965లో ‘ఆల్ఫావిల్’ అనే సైన్స్ ఫిక్షన్ చిత్రాన్ని ప్రత్యేకమైన సెట్లు వేయకుండా ఆనాటి పారిస్‌లోనే తీసి, దాన్ని ఎక్కడో సుదూర నగరమని నమ్మించారు. కర్నూలు వైపు ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సౌర పార్కు ఉంది. దుమ్ము పట్టిన పలకలను కడగడానికి నీళ్లు వాడతారన్న సంగతిని గుర్తుంచుకుని, తడిసి మెరిసే పలక పక్కన ఖాళీ బిందెల వరుసను కూర్చండి. గండికోట లోయ అందమైనదే గాని, పెళ్లి ఫోటోల్లో అందరూ చూసి చూసి ఉన్నందున అది భవిష్యత్తులా కనిపించదు.

ధ్వనికి మాత్రం వెనుకాడవద్దు. బోరు లారీ కంప్రెసర్ మోతను ఫోనులో రికార్డు చేసి వేగం సగానికి తగ్గిస్తే, ఆ పెట్టెకు ఊపిరి వచ్చినట్టు ఉంటుంది. ఎర్ర దీపం వెలిగిన ప్రతిసారీ ఆ మోతను ఒక్క క్షణం ఆపండి.