ఊరి పాత పేరుతో వెతకండి

మా తొమ్మిదో తరగతి పిల్లలకు ధవళేశ్వరం ఆనకట్ట మీద ప్రాజెక్టు ఇచ్చాను. తెచ్చిన కాగితాలన్నింటిలోనూ అవే వాక్యాలు. ఒక అమ్మాయి అతికించిన ఫోటోలో నీళ్ల వెనుక ఇంద్రకీలాద్రి కనిపిస్తోంది. అది విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ! పిల్లలను కోప్పడలేదు. రాయమని చెప్పానే గాని, వెతకడం నేను నేర్పలేదు. మరుసటి వారం రెండు పీరియడ్లు అందుకే కేటాయించాను. సాటి ఉపాధ్యాయులకు పనికివస్తుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ఫోను ముట్టుకునే ముందు ప్రశ్నను కాగితం మీద రాయించండి. 'ధవళేశ్వరం ఆనకట్ట' అనేది ప్రశ్న కాదు. 'ఆనకట్టకు రాయి ఎక్కడి నుంచి తెచ్చారు?' అనేది ప్రశ్న. ఫోటో తప్పుగా పెట్టిన అమ్మాయే ఈ ప్రశ్న ఎంచుకుంది.

మొదట తెలుగు వికీపీడియా చూడనివ్వండి, తప్పు లేదు. అయితే వ్యాసం చదివి ఆగిపోకూడదు. అడుగున 'మూలాలు' అనే భాగం ఉంటుంది. మనకు కావలసిన దారి అక్కడే మొదలవుతుంది. మూలం లేని వాక్యాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించవద్దని గట్టిగా చెప్పండి.

తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటు. కాపీహక్కులు తీరిన పాత పుస్తకాలను అక్కడ డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. ఎక్కువ మంది చేతులెత్తేసేది ఇక్కడే, ఎందుకంటే ఈనాటి పేర్లతో వెతుకుతారు. బ్రిటిష్ కాలపు పుస్తకాల్లో కాకినాడ 'కొకనాడ', విజయవాడ 'బెజవాడ', ఏలూరు 'ఎల్లూర్', విశాఖపట్నం 'విజగపటం'. హెన్రీ మోరిస్ 1878లో ప్రచురించిన గోదావరి జిల్లా చరిత్ర పేరులో 'గోదావరి' ఇంగ్లీషు స్పెల్లింగు ఇ-ఆర్-వై అక్షరాలతో ముగుస్తుంది. హెమింగ్వే 1907 నాటి జిల్లా గెజిటీరులో (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేయించిన పుస్తకం) మాత్రం ఈనాటి స్పెల్లింగే ఉంది. అందుకే నల్లబల్ల మీద ఒక్కో ఊరికి రెండు మూడు స్పెల్లింగులు రాయించి, అన్నింటితోనూ వెతికించాను. స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలతో మరో చిక్కు ఉంది. వాటి పేర్లను చాలా చోట్ల ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో తీరుగా నమోదు చేశారు. దీర్ఘానికి ఒకసారి ఒక 'ఏ', మరోసారి రెండు 'ఏ'లు పెట్టి చూడండి.

పుస్తకం తెరిచాక మొదటి పేజీ నుంచి చదవనక్కరలేదు. భూతద్దం గుర్తు నొక్కితే పుస్తకం లోపల వెతకవచ్చు. ఆ అమ్మాయి ముందు 'ఆనకట్ట' అనే అర్థం వచ్చే 'అనికట్' కొట్టింది, లెక్కలేనన్ని చోట్ల కనిపించింది. 'క్వారీ' (రాతిగని) అని కొట్టి చూడమన్నాను. ధవళేశ్వరం కొండలోనే రాయి కొట్టారని తేలింది. తను రోజూ బస్సులో దాటి వచ్చే కొండ అది! ఆ క్షణాన ఆమె ముఖం చూసి నా కడుపు నిండింది. తెలుగు స్కాన్లలో ఈ వెతుకులాట నమ్మకంగా పనిచేయదు, విషయసూచికే దిక్కు. పాత మాట అర్థం కాకపోతే ఆంధ్రభారతి నిఘంటువులో చూడండి. బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం వంటివన్నీ అక్కడ ఒకేచోట కనిపిస్తాయి.

దొరికిన వెంటనే పుస్తకం పేరు, రచయిత, ఏడాది, పేజీ సంఖ్య రాయించండి. తెర కింద కనిపించే సంఖ్య, పుస్తకంలో అచ్చయిన పేజీ సంఖ్య చాలాసార్లు వేరుగా ఉంటాయి. అచ్చయినదే రాయాలి.

ఫోటోల విషయానికి వస్తే, గూగుల్ లెన్స్‌లో పెడితే అదే బొమ్మ ఇంకా ఎక్కడెక్కడ ఉందో తెలుస్తుంది. దాని కింద ఒక్కో చోట ఒక్కో ఊరి పేరు ఉంటే ఆ బొమ్మను వదిలేయండి. ఆ అమ్మాయి పాత ఫోటో పీకేసి, వాళ్ల నాన్నతో వెళ్లి ఆ కొండను తానే ఫోటో తీసుకొచ్చింది. కింద తేదీ కూడా వేసింది.