వాచీ పెట్టుకుని ఉపవాసం: ఏ నంబర్ చూడాలి, ఎప్పుడు ఆపేయాలి

మా ఇంట్లో ఉపవాసం కొత్తేం కాదు, అమ్మ కార్తీక సోమవారాలు పగలంతా ఏమీ తినకుండా ఉండి సాయంత్రం చుక్క చూశాకే తింటుంది, ఏకాదశికైతే ఆ రోజంతా ఉండి మర్నాడు ద్వాదశి పారణ. నేను రెండేళ్ల నుంచి నెలకోసారి 36 గంటలు ఉంటున్నా, చేతికి స్మార్ట్‌వాచ్ పెట్టుకుని. ఇప్పుడు మా ఎంవీపీ కాలనీ వాకింగ్ బ్యాచ్‌లో ఇంకో నలుగురు మొదలెట్టారు, రోజూ ఎవరో ఒకరు ఫోన్ చూపించి "గుండె 70 చూపిస్తోంది, మంచిదేనా" అని అడుగుతున్నారు. ఆ 70 మీకు రోజూ ఉండేదా కాదా అనేది తెలీకపోతే దానికి జవాబే లేదు. అందుకే నేను చేసే పద్ధతంతా ఒకచోట రాస్తున్నా.

ముందు ఎవరు చేయకూడదో చెప్పేస్తాను, దయచేసి ఇది దాటేసి వెళ్లిపోకండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకి తినకుండా ఉంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లది ఇంకా మోసకారి పరిస్థితి, షుగర్ మామూలుగానే కనిపిస్తూ ఉండగానే రక్తంలో కీటోన్లు (ఒళ్లు కొవ్వుని వాడుకునేటప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పెరిగిపోయి ప్రాణం మీదకి రావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, బాగా సన్నగా ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు, గుండె లయ సమస్య, తిండి విషయంలో ఇదివరకు మానసికంగా ఇబ్బంది పడ్డవాళ్లు, వీళ్లెవరూ ఇలాంటి ఉపవాసం పెట్టుకోవద్దు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడిగాకే. వాచీ ఉంది కదా చూసుకుంటాంలే అనుకోకండి, అది షుగర్‌నీ కీటోన్లనీ పొటాషియంనీ కొలవదు.

సరే, పని మొదలు ఎక్కడంటే ఉపవాసానికి రెండు వారాల ముందు. ఆ పద్నాలుగు రాత్రులూ వాచీ పెట్టుకునే పడుకోవాలి, మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, కదలకుండా, అలాగని అచ్చు పడేంత బిగుతుగా కాదు. దాని వెనక వెలిగే పచ్చ లైటు చర్మం కింద రక్తం ఎలా కొట్టుకుంటోందో చదువుతుంది, మన విశాఖ ఉక్కపోతలో చెమటకి స్ట్రాప్ జారిందంటే తప్పు లెక్కలు వస్తాయి, అందుకని పడుకునే ముందు చెయ్యీ వాచీ రెండూ తుడుచుకోండి. రెండు వారాలకి రాత్రి రెస్టింగ్ హార్ట్ రేట్ (విశ్రాంతిలో గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఆ లెక్క), హెచ్‌ఆర్‌వీ (అదేంటో కింద చెప్తాను), నిద్ర గంటలు, ఈ మూడింటి సగటు ఒక పుస్తకంలో రాసుకోండి. అదే మీ బేస్‌లైన్. ఆ రెండు వారాలు మామూలు రోజులై ఉండాలి, నేను ఒకసారి ఆషాఢ పౌర్ణమి సింహాచలం గిరి ప్రదక్షిణ పడిన వారాన్ని కలిపేశాను, 32 కిలోమీటర్లు నడిచిన ఒళ్లు కదా, తర్వాత నాలుగు రోజులు గుండె వేగం పైనే ఉంది, బేస్‌లైన్ మొత్తం పాడైపోయి మళ్లీ మొదట్నుంచి తీసుకున్నాను.

హెచ్‌ఆర్‌వీ అంటే ఏటంటే, గుండె కొట్టుకునే ఒక్కో దెబ్బకీ మధ్య ఉండే సమయంలో చిన్న చిన్న తేడాలు. ఒళ్లు విశ్రాంతిలో ఉంటే తేడా ఎక్కువ, ఒత్తిడిలో ఉంటే తక్కువ. పక్కవాడిది 80, మనది 38 అని బాధపడే పని లేదు, మనిషి మనిషికీ చాలా మారుతుంది, ఎవరిది వాళ్ల పాత నంబర్‌తోనే పోల్చుకోవాలి.

లోపల జరిగేది కొంచెం తెలిస్తే నంబర్లు అర్థమవుతాయి. కాలేయంలో సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది, దాదాపు ఒక రోజు తినకపోతే అది చాలావరకు అయిపోతుంది, ఆ తర్వాత ఒళ్లు కొవ్వు మీద ఎక్కువ ఆధారపడి కీటోన్లు తయారు చేసుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీరు పోతుంది, ఇన్సులిన్ తగ్గేసరికి కిడ్నీలు ఉప్పుని కూడా బయటికి పంపేస్తాయి. అందుకే తొలిరోజు తగ్గే కేజీ ఎక్కువగా నీరే, సంబరపడొద్దు. అసలు సంగతి ఆ ఉప్పూ నీళ్లూ పోవడంలోనే ఉంది, లేచి నిలబడితే కళ్లు తిరిగేది దానివల్లే, మే నెలలో బీచ్ రోడ్డు మీద చెమట కారుతూ నడిస్తే ఇంకా తొందరగా వస్తుంది.

నాకు ఇది కైలాసగిరి మెట్ల మీద తెలిసింది. రెండోసారో మూడోసారో ఉపవాసం, రాత్రి రెస్టింగ్ హార్ట్ రేట్ నా మామూలు 61 కాస్తా 70కి వెళ్లింది, హెచ్‌ఆర్‌వీ బాగా కిందికి, నిద్ర నాలుగు గంటలే. చూశాను, పట్టించుకోలేదు, ముప్పయ్యో గంటలో మెట్లెక్కడం మొదలెట్టాను, సగం దాటాక చెవుల్లో హోరు, చూపు మసకబారి అక్కడే కూలబడిపోయాను. ఎవరో ఒకాయన దిగుతూ దిగుతూ ఆగి, "కూర్చో బాబూ, లేవకు" అని తన సీసాలో ఉన్న నిమ్మకాయ ఉప్పునీళ్లు తాగించాడు. వాచీ ముందు రాత్రే చెప్పింది, వినాల్సింది నేను. అప్పట్నుంచి ఆపేసే గీతలు ముందే, కడుపు నిండా ఉన్నప్పుడే రాసి పెట్టుకుంటున్నా, ఆకలిలో ఉన్నప్పుడు పట్టుదల ఎక్కువగానూ ఆలోచన తక్కువగానూ ఉంటుంది.

నా గీతలు ఇవి, డాక్టర్ చెప్పినవి కాదు, నాకు నేను పెట్టుకున్నవి: రాత్రి రెస్టింగ్ హార్ట్ రేట్ బేస్‌లైన్ కంటే 8 దాటి పెరిగితే ఆపడం, నిలబడే పరీక్షలో తప్పితే ఆపడం. ఆ పరీక్ష పొద్దున్నే చేస్తాను. అయిదు నిమిషాలు పడుకుని బీపీ మిషన్‌తో చూసుకోవాలి, లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిందంటే, లేదా గుండె వేగం 30 పెరిగిందంటే ఆ రోజుకి అయిపోయినట్టే. ఇంట్లో ఇంకొకరు పక్కన ఉండగా చేయండి, గోడ దగ్గర నిలబడండి. ఛాతీలో నొప్పి, గుండె తప్పి కొట్టుకోవడం, స్పృహ తప్పడం, మాట తడబడటం, ఆగని వాంతులు వస్తే వాచీ ఏం చూపిస్తోందో చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

నంబర్ పక్కన రెండు ముక్కలు రాయడం మర్చిపోకండి, ఎన్ని గ్లాసుల నీళ్లు, ఉప్పు వేసుకున్నారా, కాఫీ తాగారా, నైట్ షిఫ్టా. ఉపవాసం మొదట్లో ఒంట్లో నార్‌అడ్రినలిన్ అనే, ఒంటిని అప్రమత్తం చేసే హార్మోన్ పెరిగి నిద్ర పట్టకపోవచ్చు, దానికి ఖాళీ కడుపున రెండు కాఫీలు తోడైతే ఏది దేనివల్లో తేల్చలేరు.

భుజానికి అంటించుకునే షుగర్ సెన్సార్ పెట్టుకునేవాళ్లకి ఒక మాట. అది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని చదువుతుంది, కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే అర్ధరాత్రి లేనిపోని తక్కువ చూపించి అలారం కొడుతుంది, వేలు పొడిచి సరిచూసుకోండి. 70 కంటే తక్కువై వణుకూ చెమటా ఉంటే తినేయాలి, 54 కంటే తక్కువైతే ఏమీ అనిపించకపోయినా తినేయాలి.

వాచీలో కేలరీల లెక్క వదిలేయండి, అది మీ వయసు, బరువు, గుండె వేగం బట్టి వేసే అంచనా, మీరు తిన్నారో లేదో దానికి తెలీదు. ఆటోఫాజీ, అంటే కణం తనలోని పాత, పాడైన భాగాల్ని తనే కరిగించుకుని మళ్లీ వాడుకోవడం, మొదలైందా అని కూడా అడుగుతున్నారు. యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది ఈస్ట్ కణాల్లో ఆ పని ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకు, మణికట్టు మీది లైటుతో దాన్ని చూడలేం.

పారణ రోజు కూడా వాచీ తీయకండి. నేను ముందు పల్చటి మజ్జిగ, గంట ఆగి రాగి జావ, మధ్యాహ్నానికి మెత్తటి అన్నం పెసరకట్టు. అమ్మ ఎప్పట్నుంచో చేసేది ఇదే. అయిదు రోజులో అంతకన్నా ఎక్కువో తినకుండా ఉన్నవాళ్లు ఒక్కసారిగా తింటే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, అంత పొడుగు ఉపవాసాలు ఇంట్లో వాచీ నమ్ముకుని చేసేవి కావు, ఆస్పత్రి పర్యవేక్షణలోనే. తిన్న రాత్రి గుండె వేగం కాస్త పైకి వెళ్తుంది, రెండో రాత్రికో మూడో రాత్రికో బేస్‌లైన్‌కి వస్తుంది. నాకు మూడో రాత్రికీ రాకపోతే వచ్చే నెల ఉపవాసం మానేస్తాను, ఇప్పటిదాకా రెండుసార్లు మానేశాను.