నల్లరాయిని గాజు చేయడం
మాది దెగ్లూరు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. నాందేడ్ వైపు చాలాచోట్ల బావి తవ్వితే బయటపడేది నల్లరాయే. అది బసాల్ట్, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావాగా పారింది. ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట నేర్పేది ఆ రాయిని మళ్లీ కరిగించి గాజు చేయడమే.

రాయి ఎంచుకోవడంలో తొందర వద్దు. పగలగొడితే లోపల గట్టిగా, నల్లగా కనిపించే ముక్కే తీసుకోండి. పైనున్న గోధుమరంగు పొరను సుత్తితో కొట్టేయండి. మా రాళ్లలో చిన్న చిన్న గుంతలుంటాయి, వాటిలో జియోలైట్ అనే ఖనిజం తెల్లగా మెరుస్తుంటుంది. ఎంత ముచ్చటగా ఉన్నా ఏరి పారేయాల్సిందే. దానిలో నీరుంటుంది. వేడెక్కిందంటే కరిగిన రాయి పాలు పొంగినట్టు పొంగుతుంది.

మాస్కు పెట్టుకుని రాయిని పిండిలా నూరండి. ఆ పిండిని మూసలో, అంటే కరిగించే గిన్నెలో, సగానికి మించి నింపొద్దు. ప్లాటినం మూస అయితే రాయిలోని ఇనుము కొంత దానిలోకి పోతుంది. అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) మూస అయితే దాని గోడే కొంచెం కరిగి గాజులో కలుస్తుంది. నేర్చుకునేవాళ్లకు అల్యూమినా చాలు, కానీ ఆ సంగతి నోట్‌బుక్‌లో రాసుకోండి.

మూసను ఫర్నేస్‌లో పెట్టి, వేడిని నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 1400 డిగ్రీల సెల్సియస్ దాకా పెంచి, 2 గంటలు ఉంచండి. బసాల్ట్ 1250 దగ్గరే దాదాపు కరిగిపోతుంది. అయినా ఇంత వేడి ఎందుకంటే, కంటికి కనబడని స్ఫటికపు నలుసు ఒక్కటి మిగిలినా చల్లారేటప్పుడు దాని చుట్టూ కొత్తవి పెరుగుతాయి.

అసలు కష్టమంతా చల్లార్చడంలోనే. ఒకసారి ఫర్నేస్ 1400లో ఉండగా రాత్రి కరెంటు పోయింది. తెల్లారి తలుపు తీస్తే మూసలో మెరుపు లేదు, గరుకుగా, మసకగా మళ్లీ రాయే ఉంది. నెమ్మదిగా చల్లారేసరికి పరమాణువులకు స్ఫటికాలుగా వరుసలో కుదురుకునే టైం దొరికింది. స్ఫటికాలను పట్టి చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్షలో పెడితే, గ్రాఫులో పైరాక్సీన్ అనే ఖనిజం పీకులు నిటారుగా లేచాయి. గాజైతే ఒక వెడల్పాటి గుట్ట మాత్రమే కనబడాలి.

అందుకే కరిగిన రాయిని స్టీలు పలక మీద పోసి త్వరగా చల్లార్చాలి. పోసే ముందు అన్నీ సిద్ధంగా ఉంచుకోండి. మందపాటి స్టీలు పలక పొడిగా ఉండాలి. ఒక్క నీటిచుక్క ఉన్నా ఆవిరై కరిగిన రాయిని మీదికి చిమ్ముతుంది. ముఖానికి షీల్డు, చేతికి వేడి గ్లవ్స్, ఒంటికి కాటన్ బట్టలు. పాలిస్టర్ దుపట్టా మాత్రం బయటే వదిలేయండి, మంట దగ్గర అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. మూసను పొడవాటి పటకారుతో పట్టి, ఆగకుండా పోసేయండి. మొదట తేనెలా జారుతుంది, చూస్తుండగానే బిగుసుకుంటుంది.

ఎరుపు తగ్గగానే, ముందే సుమారు 650 డిగ్రీల్లో వేడెక్కించి ఉంచిన రెండో ఫర్నేస్‌లోకి మార్చండి. గంట ఉంచి ఆపేయండి, అందులోనే చల్లారనివ్వండి. ఈ పని ఎగ్గొడితే గాజులో మిగిలిన బిగువు ఏ అర్ధరాత్రో దాన్ని టప్పున పగలగొడుతుంది.

మర్నాడు ఒక పలచని పెచ్చు పటకారుతో పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి చూడండి. నల్లగా ఉన్న గాజు అంచు దగ్గర బెల్లంపాకం రంగులో వెలుగుతుంది.