ఆగి ఉన్న జెట్ స్కీ స్టార్ట్ కాకపోతే ఏం చేయాలి?

వేడి మీద ఒక్క నొక్కుకే అందుకునే జెట్ స్కీ, రెండు రోజులు కదలకుండా ఉంటే చాలు, స్టార్టర్ ఎంత తిప్పినా అందుకోదు. నెపం చలి మీదికి పోతుంది గానీ, కార్బురేటర్ ఉన్న టూ స్ట్రోక్ బళ్లలో చలి పాత్ర కొంచెమే. అసలు కారణం బండి ఆగి ఉండడం.

బైకు కార్బురేటర్ అడుగున గిన్నె ఉంటుంది, అందులో పెట్రోలు ఎప్పుడూ నిలవ ఉంటుంది. జెట్ స్కీ తిరగబడుతుంది కాబట్టి ఆ గిన్నె ఇక్కడ పనికిరాదు. మికూని సూపర్ బీఎన్ లాంటి డయాఫ్రం కార్బురేటర్లు పెడతారు. డయాఫ్రం అంటే ముందుకూ వెనక్కూ ఆడే పలచని పొర. పిస్టన్ కదిలినప్పుడు దాని కింది గదిలో, అంటే క్రాంక్‌కేసులో, ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఒత్తిడి పల్స్ లైన్ అనే సన్నని గొట్టం గుండా వచ్చి డయాఫ్రంను ఆడిస్తే, ట్యాంకులోని పెట్రోలు పైకి వస్తుంది. ఇంజన్ ఆగాక ఆ పెట్రోలు మెల్లగా ట్యాంకులోకి జారిపోయిందంటే, దాన్ని మళ్లీ పైకి లాగే భారమంతా స్టార్టర్ మీద, బ్యాటరీ మీద పడుతుంది.

చేయి పెట్టే ముందు

బండిని ఆరుబయట ఉంచండి. సీటు తీసి కొన్ని నిమిషాలు గాలి ఆడనివ్వండి. హల్ (బండి డొల్ల) లోపల పెట్రోలు వాసన వస్తుంటే అది ఎక్కడ కారుతోందో తేలేదాకా స్టార్ట్ బటన్ ముట్టుకోవద్దు. మూసి ఉన్న హల్‌లో పేరుకున్న ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

స్టార్టర్‌ను ఒకసారికి 5 సెకన్లకు మించి నొక్కకండి, మధ్యలో కనీసం 15 సెకన్లు ఆపండి. నాలుగైదు సార్లకూ అందుకోకపోతే స్టార్టర్ చల్లారేదాకా ఆగండి. నేల మీద నీటి పైపు లేకుండా ఇంజన్‌ను 15 సెకన్లకు మించి నడపకూడదు. పైపు పెట్టి నడిపేటప్పుడు వరస ముఖ్యం: ముందు ఇంజన్ స్టార్ట్ చేసి తర్వాత నీళ్లు తిప్పాలి, ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టి తర్వాత ఇంజన్ ఆపాలి. ఇది తారుమారైతే నీళ్లు ఎగ్జాస్ట్ గుండా సిలిండర్లలోకి వెళ్తాయి. అప్పుడు స్టార్టింగ్ సమస్య చిన్నదైపోతుంది.

ఈథర్ స్ప్రే మాత్రం వాడకండి. టూ స్ట్రోక్‌లో పిస్టన్‌కు నూనె పెట్రోలుతోనో, దాని వెంటో వస్తుంది. స్ప్రే ఆ పొరను కడిగేస్తుంది.

ముందు బ్యాటరీ

దీన్ని దాటేసి కార్బురేటర్ విప్పేవాళ్లే ఎక్కువ. గంటలు ఆగి ఉన్న 12 వోల్టుల బ్యాటరీని మల్టీమీటర్‌తో చూస్తే 12.6 లేదా ఆపైన ఉండాలి. 12.2 దగ్గరుంటే సగమే ఉన్నట్టు. తర్వాత స్టార్టర్ తిప్పుతూ చూడండి. 10 వోల్టుల కిందికి జారితే బ్యాటరీ బలహీనం, లేదా టెర్మినళ్లకు, ఎర్త్ తీగకు తుప్పు. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే డయాఫ్రం పంపు సరిగా లాగదు, ప్లగ్గుల్లో స్పార్కూ పలచబడుతుంది. ఒక్క బలహీన బ్యాటరీ రెండు వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తుంది.

తప్పు పెట్రోలుదా, స్పార్క్‌దా?

1. మనిషి పడిపోతే ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్ తాడు సరిగా తగిలించి ఉందో చూడండి. ఇది చెప్పాల్సిన పనిలేదు, కానీ చూడాలి.

2. ప్లగ్గులు తీయండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిసి కారుతుంటే ఎక్కువైంది, లేదా స్పార్క్ లేదు.

3. తీసిన ప్లగ్ క్యాపులను బండికి ఇచ్చిన ఎర్త్ పోస్టులకు తొడగండి. తీగలు గాల్లో వేలాడుతుండగా తిప్పితే సీడీఐ (స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె) కాలిపోవచ్చు. తడిసిన సిలిండర్లను ఇలాగే, ప్లగ్ రంధ్రాల మీద గుడ్డ కప్పి, రెండు మూడు విడతలు తిప్పి ఆరబెట్టండి.

4. కొత్త ప్లగ్గులు వేయండి. చాలా టూ స్ట్రోక్‌లకు ఎన్‌జీకే బీఆర్8ఈఎస్ సరిపోతుంది. గ్యాప్ మోడల్‌ను బట్టి 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ మాన్యువల్ చెప్పిందే పెట్టండి.

5. ప్లగ్గులు పొడిగా ఉన్న బండికి, నూనె కలిపిన పెట్రోలు ఒక్కో సిలిండర్‌లో 1 మిల్లీలీటరు చొప్పున సిరంజితో వేసి, ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. అందుకుని రెండు మూడు సెకన్లకు ఆగిపోతే స్పార్క్ బాగుంది, తప్పు పెట్రోలు దారిలో ఉంది. కనీసం దగ్గనైనా దగ్గకపోతే స్పార్క్‌నో, కంప్రెషన్‌నో అనుమానించాలి.

పెట్రోలు దారి

ఫిల్టర్‌కు, కార్బురేటర్‌కు మధ్య పెట్రోలుకు తట్టుకునే పారదర్శక గొట్టం ముక్క తాత్కాలికంగా పెట్టండి. బండిని నీళ్లలో కాసేపు నడిపి ఆపి, గొట్టంలో పెట్రోలు ఎక్కడుందో గుర్తుపెట్టండి. మర్నాటికి గొట్టం ఖాళీ అయిందా, జారిపోతోందన్నమాటే. నిండుగా ఉండి కూడా స్టార్ట్ కాకపోతే కార్బురేటర్ లోపల వెతకాలి. గంటల కొద్దీ ఊహాగానాలు ఈ చిన్న ముక్కతో తప్పుతాయి.

జారిపోతుంటే చూడాల్సినవి: ఆన్-రిజర్వ్ వాల్వ్ లోపల ఎండిపోయిన ఓ-రింగులు, వాటర్ సెపరేటర్ గిన్నె సీలు, వదులైన క్లిప్పులు. చాలాసార్లు వీటి గుండా పెట్రోలు బయటికి కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. అందుకే కంటికి ఏమీ కనిపించదు. వాల్వ్ మీద అనుమానముంటే దాన్ని తప్పించి గొట్టాన్ని నేరుగా కలిపి ఒక రోజు చూడండి. పల్స్ లైన్‌నూ వదలొద్దు. అది గట్టి గొట్టమే అయి ఉండాలి. మెత్తని గొట్టం వేస్తే ఒత్తిడి ఆటంతా దాని గోడలే మింగేస్తాయి.

1990ల నాటి సీ-డూ బళ్లయితే ఇంకో సంగతి. వాటిలో బూడిద రంగు పెట్రోలు గొట్టాలుంటే లోపలి పొర కరిగి ఆకుపచ్చ జిగురులా వచ్చి కార్బురేటర్ జల్లెడలను మూసేస్తుంది. గొట్టాలన్నీ మార్చకుండా కార్బురేటర్ ఒక్కటే శుభ్రం చేస్తే కొద్దిరోజులకే మళ్లీ అదే పని.

కార్బురేటర్ విప్పితే ఇవి చూడండి. పంపు మూత కింద ఉండే చిన్న జల్లెడ, పంపు వాల్వుల పలచని పలకలు. ఆ పలకలు ముడుచుకుపోతే పెట్రోలు వెనక్కి పోతుంది. తర్వాత పెట్రోలు దారిని తెరిచి మూసే నీడిల్, అది కూర్చునే సీటు. పాప్-ఆఫ్ పంపు (గేజీ ఉన్న చేతి పంపు) ఉంటే పెట్రోలు వచ్చే నాజిల్‌కు తగిలించి, రిటర్న్ నాజిల్ మూసి, నీడిల్‌ను తడిపి ఒత్తిడి పెంచండి. మాన్యువల్‌లోని అంకె దగ్గర నీడిల్ తెరుచుకోవాలి, 10 పీఎస్‌ఐ దగ్గర నిమిషం పాటు గేజీ ముల్లు దిగకూడదు. దిగితే నీడిల్, సీటు రెండూ కలిపి మార్చాలి. రిపేర్ కిట్ కార్బురేటర్ తయారీదారుదే కొనండి. చవక కిట్ల డయాఫ్రంలు గట్టిగా ఉండి మళ్లీ అదే తలనొప్పి తెస్తాయి.

చోక్ పలక పూర్తిగా మూసుకుంటోందా అన్నది కంటితో చూడాల్సిందే. కేబుల్ సాగితే కొంచెం సందు మిగులుతుంది, ఆ సందు చాలు చోక్ వ్యర్థం కావడానికి. చోక్ లాగి ఉన్నప్పుడు థ్రాటిల్ నొక్కకండి. తక్కువ వేగంలో పెట్రోలును సర్దే లో-స్పీడ్ స్క్రూ బిగువుగా ఉన్నా ఇంజన్ చల్లగా అందుకోదు. చాలా మికూనిల్లో బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, ఒకసారికి ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే తిప్పండి. హై-స్పీడ్ స్క్రూ జోలికి వెళ్లొద్దు. అక్కడ పెట్రోలు తగ్గితే పిస్టన్‌కు కన్నం పడుతుంది.

ప్రైమర్ కిట్

అన్నీ బాగుండి కూడా వారానికోసారి తీసే బండి మొరాయిస్తుంటే చోక్ బదులు ప్రైమర్, అంటే కార్బురేటర్‌లోకి చేత్తో నేరుగా పెట్రోలు కొట్టే పంపు, పెట్టుకోవడం మంచి ఉపాయం. కావలసినవి: చేత్తో లాగి నొక్కే పంపు, కార్బురేటర్‌కు ఒకటి చొప్పున ఇత్తడి నాజిళ్లు, టీ జాయింట్లు, సన్నని పెట్రోలు గొట్టం, క్లిప్పులు.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ట్యాంకు అడుగు నుంచి వచ్చే రిజర్వ్ గొట్టంలో టీ పెట్టి పంపు లోపలి దారికి కలపండి. కార్బురేటర్‌ను బండి నుంచి దించి, విప్పాకే నాజిల్‌కు రంధ్రం వేయండి. లోహపు పొడి ఒక్క రవ్వ మిగిలినా సిలిండర్‌ను గీస్తుంది. రంధ్రం పలకలకు, షాఫ్టులకు అడ్డం రాకూడదు. చోక్ పలక తీసేస్తే దాని షాఫ్ట్ రంధ్రాలు మూయాలి. రెండు కార్బురేటర్లుంటే టీ నుంచి రెండింటికీ గొట్టం పొడవు సమానంగా ఉంచండి, లేకపోతే ఒక సిలిండర్ ముందే తడిసిపోతుంది.

స్టార్ట్ చేసేటప్పుడు మూడు నుంచి ఐదు సార్లు నొక్కి బటన్ వేయండి. అందుకున్నాక ఆగిపోబోతుంటే సగం నొక్కు చాలు.

కంప్రెషన్ కూడా ఒకసారి చూడండి: ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి తిప్పాలి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. 100 పీఎస్‌ఐ కన్నా తక్కువుంటే కార్బురేటర్‌తో కుస్తీ దండగ.

ఫోర్ స్ట్రోక్ ఇంజెక్షన్ బళ్లు

వీటికి చోక్ లేదు. కూలెంట్ ఉష్ణోగ్రత చూసి ఈసీయూనే (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు పెంచుతుంది. కిల్ స్విచ్ తగిలించగానే పెట్రోలు పంపు రెండు మూడు సెకన్లు గుర్రుమనాలి. ఆ చప్పుడు రాని మోడల్ కాకపోతే, ఫ్యూజు, రిలే చూడండి. రాత్రంతా ఆగిన బండికి స్కానర్ పెడితే కూలెంట్ సెన్సర్ చూపే అంకె బయటి గాలి ఉష్ణోగ్రతకు దాదాపు సమానంగా ఉండాలి. ఇంజన్ వేడిగా ఉందని అది తప్పు చెబితే ఈసీయూ పెట్రోలు తగ్గించేస్తుంది. చాలా బళ్లలో థ్రాటిల్ పూర్తిగా నొక్కి పట్టుకుని స్టార్టర్ వేస్తే ఇంజెక్షన్ ఆగిపోతుంది, తడిసిన ఇంజన్‌ను ఆరబెట్టడానికి అదే దారి. ఇంజన్ ఆయిల్ 10డబ్ల్యూ-40 అని రాసి ఉంటే అంతకన్నా చిక్కనిది పోయకండి. చలిలో స్టార్టర్ దాన్ని తిప్పలేక నీరసపడుతుంది.